పెనుకొండ సీమలో క్రైస్తవ శుశ్రూష

క్రైస్తవమతమునందు విశ్వాసమునకు వినయవిధేయతలు ద్వారములని చెప్పుదురు. ఈ బోధ మన సీమ కెట్లు వచ్చెను? శబ్దశాస్త్రదృష్టితోఁ జూడ దాని యర్థ మెట్టిది? బోధించినవారు దాని నెంతవఱకు నాచరించిరి? హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల చరిత్రము నాధారముగాఁ గొని యీ మూఁడు ప్రశ్నలను విచారించెదను. ఈ పట్టణములు మూఁడును 2022లో నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి.

1565లో విజయనగరము పాడువడిన పిమ్మట రాజధాని పెనుకొండకు మాఱెను. తరువాత చంద్రగిరి కేఁగిన రెండవ వేంకటపతిరాయల కొలువునకు 1598లో యేసుసభకుఁ జెందిన గురువులు వచ్చిరి. ఆ యత్నము నిలువలేదు. 18వ శతాబ్దారంభమునఁ బుదుచ్చేరినుండి వచ్చిన ఫ్రెంచి యేసుసభవారి కర్ణాట మిషను మాత్ర మిచట వేళ్లూనెను. ధర్మవరపుఁ జుట్టుపట్లఁ గల పల్లెలు, కృష్ణాపురము, దక్షిణమునఁ జిక్కబళ్లాపురము వారి సంచారస్థానములు. 1606లో మధురకు వచ్చిన రాబర్టు నొబిలీ పద్ధతి ననుసరించి వారు కాషాయముఁ దాల్చి, మద్యమాంసములను వర్జించి, రోమక సన్న్యాసు లనిపించుకొనిరి. అనంతపురము చెంతనున్న ఆలమూరు రెడ్డికుటుంబములు వారివలన మతమును స్వీకరించి, తరువాత గుంటూరు సీమకు వలసపోయిరని ప్రసిద్ధి.

ఆ గురువులలోఁ బండితులకు ముఖ్యుఁడు గాస్తోఁ కేర్దూ. 1691లో జన్మించి, 1732లో నీ దేశమునకు వచ్చి, కృష్ణాపుర ప్రాంతమునఁ బనిచేసి, తెలుఁగు సంస్కృతములను శ్రద్ధతో నభ్యసించెను. సంస్కృతమునకును లాటిను గ్రీకులకును గల చుట్టఱికమును విధవా, దానము మున్నగు శబ్దములతో నుదాహరించి 1767లోఁ బారిసు పండితులకు వ్రాసెను. విలియము జోన్సు 1786లోఁ జేసిన ప్రసిద్ధోపన్యాసమునకు ఇది పూర్వము. పత్రము 1808 వఱకు నచ్చుగాకుండుటచే ఖ్యాతి జోన్సునకే దక్కెను.

ఆయన చూపిన త్రోవనే మన ప్రస్తుతశబ్దములను బరిశీలింతము. అమరసింహుఁడు విధేయుఁడు, వినయగ్రాహి, వచనేస్థితుఁడు, ఆశ్రవుఁడు అను నాలుగింటిని బర్యాయములుగాఁ జెప్పెను. కావున వినయవిధేయతలను జంటగా వాడుట నేఁటి యలవాటు గాదు. విపూర్వకమైన ధాఞ్ ధాతువునుండి విధేయశబ్దము, విపూర్వకమైన నీఞ్ ధాతువునుండి వినయశబ్దము గలిగినవి. మొదటిదానికి నియోగింపఁదగినవాఁడనియు, రెండవదానికి మంచిత్రోవను నడపఁబడుట యనియు భావము. ఆశ్రవశబ్దమునందుఁ గలది శ్రు ధాతువు. చెప్పినది వినువాఁడే ఆశ్రవుఁడు. ఆ ధాతువునకే యిచ్ఛార్థమున సన్‌ప్రత్యయము చేరఁగా శుశ్రూష యగును. వినవలెనను కోరిక దాని మొదటి యర్థము. పరిచర్య యనునది పిదపఁ గలిగినది.

లాటినున విధేయతను దెలుపు ఒబొయెదీరె యను క్రియ, వినుట యను నర్థముగల ఔదీరె నుండి పుట్టినది. గ్రీకు భాషలోని హుపకొఎ శబ్దమును అట్టిదే. ధాతువులు వేఱైనను భావము నడచిన త్రోవ యొక్కటియే. విశ్వసింతు నను నర్థముగల లాటిను క్రేదో మాత్రము ధాతువుచేతను మన శ్రద్ధాశబ్దమునకు జ్ఞాతి.

ఈ యర్థము క్రైస్తవ గ్రంథములకును సమ్మతమే. విశ్వాసము వినుటవలనఁ గలుగునని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలోఁ జెప్పెను. ఫిలిప్పీయుల పత్రికలోఁ గ్రీస్తు దాసరూపముఁ దాల్చి మరణపర్యంతము విధేయుఁ డయ్యె ననెను. గురువే శిష్యుల పాదములు గడిగిన కథ యోహాను సువార్తలోఁ గలదు. కాఁబట్టి యా మతమున వినయము శిష్యధర్మము మాత్రమే గాదు, గురుధర్మము గూడ.

ఈ గురుధర్మమునకే మన సీమలోఁ బరీక్ష గలిగెను. సన్న్యాసివేషము పైకులములవారి యిండ్ల తలుపులు దెఱచెను; కాని యా వేషము నిలుపుకొనుటకై అంత్యజుల గుడిసెలలోఁ గాలు పెట్టుటకు గురువులు వెనుదీసిరి. పోపు ప్రతినిధియగు తూర్నోను 1704లోఁ బుదుచ్చేరినుండి యాచారములఁ బెక్కింటిని నిషేధించి, రోగగ్రస్తులైన యంత్యజుల యిండ్లకుఁ బోవలసినదని శాసించెను. మిషనువారు దేశాచారమును విన్నవించి 40 ఏండ్లు వాదించిరి. 1744లో 14వ బెనెడిక్టు పోపు తుదియాజ్ఞ వెలువరించి ప్రమాణము చేయు మనఁగా వారు చేసిరి. అయినను అంత్యజులకు వేఱుగా గురువులను నియమించుకొనిరి. ఆజ్ఞ చెల్లినది; వినయము సగమే చెల్లినదని నాకుఁ దోఁచుచున్నది.

ఇంతకంటెఁ గఠినమైన పరీక్ష 1773లో వచ్చెను. 14వ క్లెమెంటు పోపు యేసుసభనే రద్దుచేసెను. విధేయతను వ్రతముగాఁ గొన్న సభకు, నీవు లేకుండు మనుటయే యాజ్ఞయైనది. అప్పటికిఁ గేర్దూ 80 ఏండ్లు దాటినవాఁడు. ఆయన స్వదేశమునకు మరలక 1779లోఁ బుదుచ్చేరియందే మరణించెను. సభ పునరుద్ధరింపఁబడినది 1814లో.

40 ఏండ్లు వాదించుట యవిధేయత గాదా యని యడుగవచ్చును. భగవద్గీత నాలుగవ యధ్యాయమున జ్ఞానమునకు సాధనములుగాఁ బ్రణిపాతము, పరిప్రశ్నము, సేవ యను మూఁడు చెప్పఁబడినవి. ప్రశ్నము నమస్కారమునకును సేవకును నడుమ నిలిచినది. వానికి విరోధి గాదు. యేసుసభాస్థాపకుఁడగు ఇగ్నేషియస్ లయోలాయు 1553లో విధేయతనుగూర్చి వ్రాసిన లేఖలో శిష్యుఁడు తన యభిప్రాయమును బెద్దలకు విన్నవింపవచ్చునని యంగీకరించెను. కావున వాదించుట దోషము గాదు. ఎవరి పక్షమున వాదించితిమనునదే విచారణీయము. తమ గౌరవమునకై వాదించిన కాలమున వారి చెవికి గుడిసెలోని రోగి పిలుపు వినఁబడలేదు.

శుశ్రూష యనఁగా వినఁగోరుట. పెద్దల మాటను వినుట యందు సగము. హీనుఁడని లోక మెంచినవాని మాటను వినుట తక్కిన సగము. రెండును గూడిననాఁడే వినయ మనఁదగును. ఈ నిర్ణయము క్రైస్తవ గురువులకే గాక, శిష్యులచే శుశ్రూషఁ గొను మనకును సమానమే. విజ్ఞులు దీనిని విమర్శింతురు గాక.