నిర్జన వారధి

‘నిర్జన వారధి’ కొండపల్లి కోటేశ్వరమ్మ (1918–2018) ఆత్మకథ. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో ప్రచురించింది. అప్పటికి రచయిత్రి వయసు 94 ఏళ్ళు. బాల వైధవ్యం, పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త విడిచి వెళ్ళడం, కన్నబిడ్డల మరణం: ఇంత బరువైన జీవితాన్ని ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పిన పుస్తకమిది. తెలుగు పాఠకులు ఎక్కువగా చర్చించుకున్న స్త్రీల ఆత్మకథల్లో ఒకటి.

జీవన నేపథ్యం

కోటేశ్వరమ్మ 1918 ఆగస్టు 5న కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులోనే పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి ఏమిటో అర్థమయ్యేలోపే భర్త పోయాడు. బడికి వెళ్ళే పిల్లకు తాను వితంతువునని లోకం చెబితే తెలిసింది. వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికే దాదాపు అర్ధ శతాబ్దం గడిచినా, పల్లెటూరి రైతు కుటుంబంలో రెండో పెళ్ళి మాట ఎత్తడమే సాహసం. ఆ సాహసానికి కమ్యూనిస్టు కార్యకర్తల అండ దొరికింది. జొన్నపాడుకు చెందిన కొండపల్లి సీతారామయ్యతో ఆమెకు వివాహమైంది. ఇంటి లోపల ఆమెకు కొండంత అండ తల్లి అంజమ్మ.

పెళ్ళితో పాటే పార్టీ జీవితమూ మొదలైంది. కోటేశ్వరమ్మది మంచి గొంతు. మహిళా సంఘం సభల్లో, ప్రజానాట్యమండలి వేదికల మీద పాటలు పాడారు. ఒంటిమీది నగలు పార్టీకి ఇచ్చేశారు. 1948లో పార్టీ మీద నిషేధం వచ్చాక అజ్ఞాతంలోకి వెళ్ళి, పేర్లు మార్చుకుంటూ, ఊళ్ళు మారుతూ పూరీ, రాయచూరు దాకా తిరిగారు. ఆ రహస్య స్థావరాల్లో వంట, కాపలా, చుట్టుపక్కల వాళ్ళకు అనుమానం రాకుండా సంసారం నడుపుతున్నట్టు కనబడడం స్త్రీల పని. ఉద్యమ చరిత్రల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టే ఈ పనికి ఆత్మకథలో పేజీలకు పేజీలు దొరికాయి.

ఒంటరి ప్రయాణం

అజ్ఞాతవాసం ముగిశాక సీతారామయ్య ఆమెను విడిచి వేరే జీవితం ఎంచుకున్నారు. ముప్పై దాటిన వయసులో, ఇద్దరు పిల్లల తల్లిగా, కోటేశ్వరమ్మ హైదరాబాదులోని ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. ఆ తర్వాత కాకినాడలో పాలిటెక్నిక్ విద్యార్థినుల హాస్టల్‌కు మేట్రన్‌గా పనిచేశారు. తన సంపాదన మీద తాను బతికిన ఈ భాగమే పుస్తకానికి వెన్నెముక.

సీతారామయ్య 1980లో నక్సలైటు పార్టీ పీపుల్స్ వార్ స్థాపించి దేశమంతా తెలిసిన నాయకుడయ్యారు. అంతకు ముందే, నక్సలైటు ఉద్యమంలోకి వెళ్ళిన కొడుకును కోటేశ్వరమ్మ పోగొట్టుకున్నారు. డాక్టరుగా స్థిరపడిన కూతురు, భర్త హఠాన్మరణాన్ని తట్టుకోలేక ప్రాణం తీసుకుంది. మిగిలింది ఇద్దరు మనవరాళ్ళు. చివరి రోజుల్లో అనారోగ్యంతో ఉన్న సీతారామయ్య ఆమెను చూడాలని కబురు పెట్టినప్పుడు మొదట నిరాకరించి, తర్వాత వెళ్ళి చూశారు. ఆయన 2002లో మరణించారు.

చెప్పిన తీరు

కోటేశ్వరమ్మ అంతకు ముందే పాటలు, కథలు రాశారు. ‘అమ్మ చెప్పిన ఐదు గేయాలు’, ‘సంఘమిత్ర కథలు’ ఆమె ఇతర పుస్తకాలు. ఆత్మకథలో భాష కృష్ణా జిల్లా ఇళ్ళలో పెద్దవాళ్ళు కూర్చుని చెప్పుకునే మాటల్లా సాగుతుంది. తేదీల కన్నా మనుషులు ముఖ్యం. పుచ్చలపల్లి సుందరయ్య వంటి నాయకులూ, అన్నం పెట్టిన పేరు తెలియని గృహిణులూ ఒకే గౌరవంతో కనిపిస్తారు. తనకు అన్యాయం చేసిన వారి గురించి రాసేటప్పుడూ నిందకు దిగరు. జరిగింది చెప్పి ఊరుకుంటారు.

చర్చాంశాలు

ఈ సంయమనం మీదే పాఠకుల్లో వాదం ఎక్కువ. అది క్షమ అని కొందరంటారు. పార్టీ క్రమశిక్షణ నేర్పిన మౌనమని కొందరు. రెండో వాదం పూర్తిగా నిలబడదు. భర్త వెళ్ళిపోయినప్పుడు పార్టీ పెద్దలు ఏం చేశారో, ఏం చేయలేకపోయారో ఆమె దాచలేదు. అయినా ఉద్యమం తనకు చదువు, ధైర్యం, పదిమందితో కలిసే అలవాటు ఇచ్చిందని చెప్పడం మానలేదు. త్యాగాల లెక్కలో ఇంటి ఆడవాళ్ళ వాటా ఎవరు రాయాలన్న ప్రశ్న ఈ పుస్తకంతో మళ్ళీ ముందుకొచ్చింది.

ఆ ప్రశ్నను అంతకు ముందు లేవనెత్తిన పుస్తకం స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలు అందులో ఉన్నాయి. 2019లో వచ్చిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ గొంతు వేరు: అది దళాన్ని నడిపిన యోధురాలిది. సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ పీపుల్స్ వార్ స్థాపకుల్లో మరొకరైన కె.జి. సత్యమూర్తి (శివసాగర్) కుటుంబ కథ. కోటేశ్వరమ్మ పుస్తకంలో నేపథ్యంగా ఉండిపోయిన కులం అక్కడ కథను నడిపిస్తుంది.

అనువాదం, ఆదరణ

వి.బి. సౌమ్య చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని 2015లో జుబాన్ సంస్థ ‘ది షార్ప్ నైఫ్ ఆఫ్ మెమరీ’ పేరుతో ప్రచురించింది. కోటేశ్వరమ్మ నూరేళ్ళు నిండిన కొద్ది వారాలకు, 2018 సెప్టెంబరు 19న విశాఖపట్నంలో కన్నుమూశారు. పఠన బృందాలు ‘నిర్జన వారధి’ని ‘మనకు తెలియని మన చరిత్ర’తో జతచేసి చదివితే, ఒకే కాలాన్ని ఒక జీవితం నుంచీ, ఎన్నో గొంతుల నుంచీ పోల్చి చూసే వీలుంటుంది.