పచ్చగా ఉన్నంత మాత్రాన చెట్టు గట్టిదేనా? జబ్బు, లోపం గుర్తుపట్టేదెలా

ఇంటి ముందు చెట్టుకు వచ్చే సమస్యలు రెండు రకాలు. ఒకటి జబ్బు, రెండోది నిలబడే బలంలో లోపం. జబ్బు ఆకుల్లో, కొమ్మల్లో కనిపిస్తుంది. లోపం ఎక్కువగా మొదట్లో, వేళ్లలో, కొమ్మలు చీలే చోట దాగి ఉంటుంది. మనం చూసేది ఆకులనే కాబట్టి బతికే చెట్టును కొట్టేసి, పడిపోయే చెట్టు కింద బండి పెట్టుకుంటున్నాం.

వేపనే తీసుకోండి. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మంటకు మాడినట్టు ఎండిపోయాయి. ఇక వేప ఉండదేమో అని జనం భయపడ్డారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంద్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. టీ దోమ అనే పురుగు లేత చిగుళ్ల రసం పీల్చి చేసే గాయాలు దానికి తోడవుతాయి. తర్వాత చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. ఎండినట్టున్న కొమ్మ బెరడును గోటితో గీకి చూడాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఎండిన భాగాన్ని పచ్చి చెక్క తగిలేదాకా కత్తిరించి కాల్చేస్తే సరిపోతుంది.

మామిడి మొదట్లో రంపపు పొట్టు రాలినా, రంధ్రాల నుంచి బంక కారినా అది కాండం తొలిచే పురుగు పని. బెరడు మీద చెదల మట్టి కనిపిస్తే కంగారు వద్దు, అవి ఎక్కువగా చచ్చిన చెక్కనే తింటాయి. అలాగని వదిలేయడమూ మంచిది కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు ముదిరి, 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించాల్సి వచ్చింది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. చెట్టు ఒక వైపు కొత్తగా వంగి, రెండో వైపు నేల పగిలి పైకి లేస్తే వేళ్లు వదులుతున్నట్టే. అలాంటప్పుడు ఆకులు ఎంత పచ్చగా ఉన్నా నమ్మకూడదు. మొదట్లో చెక్కలాంటి గట్టి పుట్టగొడుగులు మొలిస్తే లోపల కుళ్లు ఉందని అర్థం. రెండు లావు కొమ్మలు ఇరుకుగా ఒకే చోటు నుంచి లేచి, మధ్యలో బెరడు నొక్కుకుపోతే ఆ కీలు గాలికి చీలుతుంది. డ్రైనేజీ కోసం వేళ్లు నరికిన చెట్లు, ఈద్గాల్లో, ఇళ్ల వాకిళ్లలో మొదలు దాకా సిమెంటు పోసిన చెట్లు మే నెల గాలివానలకు ముందే చూసుకోవాల్సినవి.

చెట్టు బోలుగా ఉంటే? చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం వ్యాసార్థంలో మూడో వంతు కన్నా తగ్గితే ప్రమాదం పెరుగుతుందని ఒక మోటు లెక్క. గోల్కొండ నయా ఖిల్లాలోని హాథియాన్ కా ఝాడ్ లోపల గుహలా బోలుగా ఉన్నా నిలబడే ఉంది, కానీ అది బావోబాబ్ జాతి. దాన్ని చూసి మన వేపకు ధీమా తెచ్చుకోలేం.

భయంతో తల మొత్తం నరికించడం ఇంకో పొరపాటు. నరికిన చోట గుత్తులుగా వచ్చే కొత్త కొమ్మలకు పట్టు తక్కువ, కొన్నేళ్లకు అవే విరుగుతాయి. ఎండిన కొమ్మ, బరువెక్కిన కొమ్మ వరకు తీయిస్తే చాలు. చెట్టునే తీసేయాల్సి వస్తే 2002 నాటి వాల్టా చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాలి, సొంత స్థలంలో ఉన్నా సరే.