రైతు పెట్టుబడి సాయం: లబ్ధిదారుల జాబితాల బహిరంగత

ఎకరాల లెక్కన పెట్టుబడి సాయాన్ని నగదుగా రైతుకే ఇచ్చే పద్ధతి తెలుగు నేలపై తెలంగాణ రైతుబంధు పథకంతో మొదలైంది. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర దాన్ని ప్రారంభించారు. సీజన్‌కు ఎకరాకు 4,000 రూపాయలు ఇచ్చేవారు, మరుసటి ఏడాది దాన్ని 5,000 చేశారు. భూపరిమితి ఉండేది కాదు, పట్టా ఉంటే సరిపోయేది. తొలి విడతలో పాసుపుస్తకంతో పాటు చెక్కును ఊళ్లోనే నలుగురి ముందు ఇచ్చారు కాబట్టి ఎవరికి ఎంత ముట్టిందో అందరికీ తెలిసింది. అదే ఏడాది యాసంగికి ఎన్నికల కోడ్ అడ్డొచ్చి చెక్కులు ఆగాయి, సొమ్ము ఖాతాల్లో వేశారు. తర్వాత అదే ఆనవాయితీ అయింది. దాంతో మధ్యవర్తుల బెడద తగ్గిన మాట నిజమే. కానీ ఊరి కంటికి కనబడే లావాదేవీ కాస్తా ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకునే మెసేజ్‌గా మారింది. అందుకే ఈ పథకాలకు బహిరంగ జాబితా ప్రాణావసరం. ఖాతాలో పడిన ప్రజాధనానికి అది తప్ప వేరే సాక్ష్యం లేదు.

ఇది కొత్త కోరికేమీ కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రభుత్వం వెల్లడించాలి. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్లను గ్రామసభలో చదివి వినిపించే పద్ధతికి దేశంలో దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఆ అనుభవం ఉన్న చోట పెట్టుబడి సాయానికి వేరే నీతి ఎందుకో అర్థం కాదు.

జాబితా బయటపెట్టినా మోసాలు ఆగలేదు కదా అనే వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. 2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైన పీఎం కిసాన్ ఏటా మూడు విడతలుగా 6,000 రూపాయలు ఇస్తుంది. పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా మొదలుకొని ఊరి దాకా ఎంచుకుంటే లబ్ధిదారుల పేర్లు వస్తాయి. అయినా 2020లో తమిళనాడులో లక్షల మంది అనర్హులు చేరిపోయారు. దేశం మొత్తం మీద 20 లక్షలకు పైగా అనర్హులకు 1,364 కోట్ల రూపాయలు చేరాయని, వారిలో సగానికి మించి ఆదాయపు పన్ను కట్టేవాళ్లేనని సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా 2021లో బయటపడింది. దీన్నిబట్టి జాబితా దండగ అనుకోనక్కర్లేదు. వెబ్‌సైట్‌లో పేర్ల వరస పెట్టి ఊరుకుంటే చాలదని మాత్రమే తేలుతుంది. ఎవరికి సర్కారు కొలువుందో, ఎవరు పన్ను కడతారో ఊరికి తెలుసు. ఆ జాబితా పంచాయతీ గోడెక్కి, గ్రామసభలో వినబడితేనే ఆ తెలివిడి పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన రైతు భరోసా జాబితాలను రైతు భరోసా కేంద్రాల్లో అంటించి అభ్యంతరాలు తీసుకోవడం అప్పట్లో ఆ దిశలో మంచి అడుగు.

రెండో అభ్యంతరం గోప్యత. యూరప్ న్యాయస్థానం 2010 నవంబరులో వ్యవసాయ సాయం పొందిన వ్యక్తుల పేర్లన్నీ తేడా చూడకుండా ప్రచురించడం తగదని తీర్పిచ్చింది. అక్కడ ప్రచురణను శాశ్వతంగా మానేయలేదు, 2013 సంస్కరణలో చిన్న మొత్తాలు తీసుకునేవారి పేర్లను మినహాయించి తిరిగి మొదలుపెట్టారు. మన దగ్గర ఆధార్, ఖాతా, ఫోన్ నంబర్లు దాచి పేరు, ఊరు, విస్తీర్ణం, మొత్తం చూపితే సరిపోతుంది. భూమి విస్తీర్ణం రెవెన్యూ రికార్డుల్లో ఎటూ ఉన్నదే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచార మినహాయింపును విస్తరించినా, లబ్ధిదారుల వివరాలు చెప్పమన్న నాలుగో సెక్షన్‌ జోలికి పోలేదు.

జాబితాకు అసలు లోపం వేరే ఉంది. సొమ్ము అందుకున్నవాళ్లే అందులో కనిపిస్తారు, దున్నుతున్నవాళ్లు కనిపించరు. రైతుబంధు కౌలు రైతును లెక్కలోకే తీసుకోలేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చినా, సాగు హక్కు కార్డు కావాలంటే భూయజమాని సంతకం ఉండాలని షరతు పెట్టింది. చాలామంది యజమానులు ఆ సంతకానికి జంకుతారు. ప్రతి పేరు పక్కన ఆ సీజన్‌లో ఆ సర్వే నంబరు సాగు చేసిందెవరో కూడా రాసి గ్రామసభలో చదివితే, పైసా అందని కౌలుదారు పేరు కూడా ఊరందరికీ వినబడుతుంది.