బండి వెనుక తలుపు

తుంగభద్ర దక్షిణతీరమున వెలసిన కందనవోలు, అనగా నేటి కర్నూలు, పుట్టుకను గూర్చి పెద్దలు చెప్పుకొను ఐతిహ్యమొకటి కలదు. ఆలంపురమున దేవాలయములు కట్టించుచున్న కాలమున రాళ్లు తోలుకొనిపోవు వడ్డెరల బండ్లు, ఏరు దాటుటకు ముందు ఈ గట్టున ఆగి ఇరుసులకు కందెన పెట్టుకొనెడివట. ఆ మజిలీయే క్రమముగా ఊరైనదట. ఆలంపుర నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల కాలపువనియు, 7, 8 శతాబ్దుల కట్టడములనియు చరిత్రకారులు నిర్ణయించియున్నారు గనుక కథను అక్షరాల నమ్మవలసిన పని లేదు. అయినను ఒక నగరము తన జన్మవృత్తాంతమునకు రాజునో మునినో గాక రాతిబండిని ఎన్నుకొనుట నాకు మిక్కిలి ముచ్చటగా తోచును. కర్నూలు, కడప సీమలలో రవాణా యనగా నేటికిని ప్రధానముగా బరువే. ఆ బరువును వెనుకనుండి కాచు తలుపును, దానిని బిగించు కొక్కెమును, ఇటీవల వాటి స్థానమున వచ్చిన పిడిని గూర్చి చరిత్ర వ్రాసినవారు అరుదు గావున ఆ పనికి పూనుకొనుచున్నాను.

ఎద్దుబండికి వెనుక తలుపు లేదు. నల్లతుమ్మ పూటీలతో, ఇనుపకట్టుతో చేసిన చక్రముల నడుమ ఇరుసుపై పరచిన ఆ చట్రమునకు, పెంట తోలునప్పుడు ముందువెనుకల వెదురుతడికలు నిలుపుటయు, మూటలు తోలునప్పుడు మోకుతో కట్టుటయు మాత్రమే ఆచారము. తలుపు అక్కరలేకపోవుటకు కారణము బండివాని తూనికలో ఉన్నది. బరువు వెనుకకు జరిగినచో కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకలు పట్టుకొనును. ముందునకు జరిగినచో వాటి మెడలు క్రుంగును. కావున రాతినైనను, ప్రత్తినైనను సరిగా ఇరుసుమీదనే సమతూకముగా నిలుపవలసియుండెను. దింపునప్పుడు ఎద్దులను విప్పి, నొగలను పైకెత్తిన, బండి వెనుకభాగము నేలనానుకొని బరువు తనంతట తానే జారును. అనగా ఎద్దుబండికి ప్రత్యేకముగా తలుపు లేకపోయినది గాని, దింపుడు వేళ బండి యంతయు తలుపే అయ్యెడిది.

నీటిత్రోవయు, ఇనుపత్రోవయు ఈ ఏర్పాటును కదలింపలేదు. సుంకేసుల ఆనకట్టనుండి కడప వరకు 1860ల దశకమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిన కాలువ, సేద్యమునకే గాక పడవలకు గూడ పనికివచ్చునని తలపెట్టినది. లాభము చూపలేక 1882లో ప్రభుత్వము చేతిలో పడినది. మద్రాసునుండి కడప మీదుగా సాగిన రైలుమార్గము 1871లో రాయచూరు చేరినది. రైలు వచ్చినకొలది స్టేషనుకు సరకు చేరవేయు బండ్లకు పని హెచ్చినదే గాని తగ్గలేదు.

తలుపును తెచ్చినది లారీ. 1928లో జనరల్ మోటార్స్ వారు బొంబాయిలో షెవ్రోలే వాహనములను బిగించుట మొదలిడిన నాటినుండి, ఆ పిమ్మట చాల కాలము వరకు, లారీ యనగా కర్మాగారము నుండి వచ్చునది ఇంజను, చట్రము, చక్రములు మాత్రమే. మీది తొట్టిని కొన్నవాడు తన ఊరనో, దాపునున్న పట్టణముననో కట్టించుకొనవలసినదే. కట్టినవారు ఎవరు? నిన్నటివరకు బండ్లు చేసిన వడ్రంగులును, వాటికి పట్టాలు తొడిగిన కమ్మరులును. వారెరిగిన ఎద్దుబండి లెక్క ఇచ్చట చెల్లలేదు. నాలుగుచక్రముల వాహనమున కాడి యెత్తు భయము లేదు గావున బరువును వెనుకదాక పేర్చవచ్చును. కాని కడపనుండి రాయచోటికి పోవు గువ్వలచెరువు కనుమవంటి ఎక్కుడులో ఆ బరువంతయు వెనుకకు త్రోసికొనివచ్చును. ఆ త్రోపుడుకు అడ్డముగా పుట్టినదే వెనుక తలుపు.

ఆ తలుపు కూర్పును ఓపికతో చూచినవానికి దానిలో ఒక వివేకము గోచరించును. మందమైన పలకలను ఇనుపపట్టీలతో బిగించి, క్రింది అంచున బందులు వేసి, పైఅంచు రెండుకొనలయందు ఒక్కొక్క కొక్కెమును, దానికి అడ్డముగా ఒక చీలను, తలుపు నేలబడకుండ రెండు గొలుసులను అమర్చిరి. గొలుసులు బిగియుంచిన తలుపు చట్రముతో సమముగా నిలిచి, నిడుపాటి సరకునకు కొంత ఆధారమునిచ్చును. కొక్కెములు కొనలయందే ఎందుకుండవలెను? నడుమ ఒక్కటి చాలదా? బేతంచెర్లలోనో, ఎఱ్ఱగుంట్ల దాపుననో నాపరాళ్ల లారీ దింపుచున్నప్పుడు చూచినవానికి ఈ ప్రశ్న పుట్టదు. పలకరాళ్లను పడుకోబెట్టిన విఱుగును గావున అంచులమీద నిలువున ఒకదానికొకటి ఆనించి పేర్చెదరు. దారిలో కుదుపులకు అవి ఎంతో కొంత జరిగి తలుపును ఒత్తుచుండును. ఇద్దరు హమాలీలు చెరియొక ప్రక్కను నిలిచి, ఒకరినొకరు కేకవైచుకొని, సుత్తిదెబ్బతో చీలలను ఎగురగొట్టి, తత్క్షణమే ప్రక్కకు తొలగుదురు; తలుపు వారి నడుమ దభాలున పడును. నడుమ గడియ యున్నచో విప్పువాడు సరిగా రాళ్లు పడుచోటనే నిలువవలసివచ్చును. కొక్కెము చోటును నిర్ణయించినది వడ్రంగి కాదు, మనిషి నిలువదగిన చోటు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము సైన్యము వదలించుకొన్న లారీలు, పిదప 1954 నుండి జంషెడ్‌పురమున తయారైన టాటా-మెర్సిడిస్ బెంజ్ బండ్లు, 1955లో ఆ పేరు దాల్చిన అశోక్ లేలండ్ వారి బండ్లు దక్కన్ దారులలో నిండినవి. చట్రముమీద ఒక పెట్టె వేసికొని, తలకు తువాలు చుట్టుకొని, ఎండకు వానకు తెగించి వందలమైళ్లు తోలుకొనివచ్చు డ్రైవరును నాటివారందరు ఎరుగుదురు. ఆ దిసమొల బండికి బట్టకట్టుటయే బాడీబిల్డింగు. తెలుగునాట ఈ వృత్తికి పెద్ద పీఠము విజయవాడ ఆటోనగరు. అది వెలసినది 1966లో. సీమలోని షెడ్లు వానితో పోల్చిన చిన్నవే. కాని రాతిబరువును ఎరిగి తలుపు కట్టుటలో ఇచ్చటి కమ్మరికి ఒకరి పాఠము అక్కరలేదు.

తలుపు ఉన్నచోట పలక యున్నది, పలక యున్నచోట వ్రాత పుట్టును. హారను మ్రోగింపుమను విన్నపము, యజమాని బిడ్డల పేర్లు, ఇష్టదైవము, తామరపువ్వు, దిష్టి తగులకుండ ఒక నల్లని చెప్పు — ఇన్నియు చేరి, మూరెడు ఖాళీ మిగిలినను పెయింటరు దానిని తన వృత్తికి అవమానముగా తలచునో యేమో యన్నట్లు నిండిపోయినవి. మహారాష్ట్రమున 2015లో హారను విన్నపమును నిషేధించిరి. మన దారులలో ఆ అలవాటు మాసిపోలేదు.

ఇందుకు పూర్తిగా విపరీతమైన రుచి అమెరికాలో పుట్టినది. అచ్చట ఫోర్డు సంస్థ 1925లో తన మోడల్-టి కారు వెనుక చిన్న ఉక్కుతొట్టి నమర్చి, 281 డాలర్ల వెలకు అమ్మిన బండియే కర్మాగారము నుండి నేరుగా వెలువడిన పికప్పులకు ఆద్యము. తొలినాటి పికప్పు తలుపులకును గొలుసులు, కొక్కెములే. కాని అచ్చటి రైతు ఒంటరివాడు; గడ్డిమోపునో దూలమునో తానే యెక్కించి తానే దింపుకొనును; హమాలీ లేడు. అట్టివానికి రెండుకొనల చుట్టు తిరుగుట విసుగు గనుక కాలక్రమమున పిడి తలుపు నడుమకు చేరినది. ఒక్కచేత లాగిన, పిడి వెనుకనున్న మీట ఎడమకు కుడికి పోవు రెండు కడ్డీలను లోనికి ముడుచును. కడ్డీల చివరి గడియలు ఏకకాలమున విడుచును. చేతిలో మూటయున్నవానికి ఇది గొప్ప సౌకర్యమే.

ఇంతలో కాలిఫోర్నియాలో హ్యారీ వెస్టర్‌గార్డ్, బారిస్ సోదరులు మొదలగు పనివారు 1930ల చివరనుండి కార్లను తమ యిచ్ఛానుసారము మలచు విద్యను పెంపొందించిరి. కారు తలుపుల పిడులను పెరికి, ఆ కంతలను రేకుతో పూడ్చి, సీసము తగరము కలిపిన మిశ్రమమును కరగించి నునుపుచేసి, తలుపు తెరచుటకు లోపల విద్యుత్తుతో పనిచేయు సోలినాయిడును దాచుట ఆ విద్యలో ఒక ముఖ్యాంగము. తరువాతి తరము దానిని పికప్పు వెనుక తలుపునకు గూడ వర్తింపజేసినది: నడుమనున్న పిడిని తీసి, గుంతను పూడ్చి, అచ్చువేసిన సంస్థ పేరునుగూడ చెరిపి, పిడిని తలుపు లోపలివైపునకు, పైఅంచు దాపునకు మార్చిరి. చూచువానికి అది అతుకులేని ఒక్క రేకు. తెరచువాడు పైనుండి చేయి వంచి లోపలి పిడిని పట్టవలెను. తొట్టి నిండుగా నున్నచో ఆ చేయి చొరదు. కనుక ఈ సొగసు బరువు మోయని బండికే చెల్లునని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ నడుమ పిడి సీమగడ్డమీదనే తయారగుట చాల ఆలస్యముగా జరిగినది. 2005లో వచ్చిన టాటా ఏస్ చిన్నదైనను లారీ వంశమునకు చెందినది. దాని వెనుక తలుపునకు బిగింపులు కొనలయందే. 2016లో నాటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలో ఇసుజు సంస్థ కర్మాగారమును తెరచి, నాలుగు తలుపుల కారు ముఖముతో, నడుమ పిడితో డి-మ్యాక్స్ వి-క్రాస్ అను పికప్పును వెలువరించినది. అట్టి బండినొకదానిని మన టింకరింగు షెడ్డునకు తోలుకొనిపోయి పిడిని దాచుమన్నచో పనివాడు వెఱగుపడడు. లోపలి రేకు విప్పి, మీటను వెనుకకు త్రిప్పి బిగించి, కడ్డీల లాగుడు సరిచూచి, బయటి కంతకు రేకు అతికి, వేడికి రేకు వంకరపోకుండ అక్కడక్కడ చుక్కలుగా వెల్డింగు చేసి, పుట్టీ పెట్టి, గరుకుకాగితముతో రుద్ది, రంగు కొట్టి యిచ్చును. కాని పని ముగియుసరికి, "ఇంత ఖాళీ వదలినారేమి, సార్, ఏదైనా వ్రాయింతునా?" యని అడుగక మానడు. ఖాళీ రేకును అందముగా చూచు కన్ను మనకింకను అలవడలేదు. అలవడవలెనని నేను తొందరపడుటయు లేదు.

అమెరికావారు అచ్చటను ఆగలేదు. 2018లో జి.ఎం.సి. సంస్థ ఆరు విధముల తెరచుకొని, మెట్టుగాను బల్లగాను మారు వెనుక తలుపును ప్రకటించినది. కర్నూలు మార్కెట్ యార్డునకు ఉల్లిగడ్డ తోలు ఏస్ బండ్లకును, బేతంచెర్ల రాతిలారీలకును మాత్రము కొనల బిగింపులే నడచుచున్నవి. లారీ కొక్కెము వంగినచో కమ్మరి కొలిమిలో కాల్చి నాలుగు దెబ్బలతో సరిచేయును, చీల పోయినచో దారిలో దొరికిన బోల్టు దాని పని చేయును. ఆరు విధముల తలుపున ఒక్క కడ్డీ పట్టు తప్పినను, యజమాని పట్టణము వరకు దానిని మోకుతో కట్టుకొని పోవలసినదే.