కోహంగా రెయో
న్యూజిలాండ్‌లో పూర్తిగా మావోరి భాషలో నడిచే శిశు విద్యాకేంద్రం. ఆ పేరుకు 'భాషా గూడు' అని అర్థం. మొదటిది 1982లో వెల్లింగ్టన్ సమీపాన వైనుయోమాటాలో ఏర్పడింది.

అప్పటికి మావోరి ధారాళంగా మాట్లాడేవారిలో ఎక్కువమంది నడివయసు దాటినవారే. బడిలో సొంత భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్నవారు వారిలో ఎందరో. ఆ బాధ తమ పిల్లలకు వద్దని ఇళ్లలో ఇంగ్లిషే మాట్లాడారు. అందుకే అమ్మమ్మ తాతయ్యల నోటి నుంచి నేరుగా మనవల చెవికి భాషను చేర్చే ఏర్పాటు ఇది. నెలల బిడ్డల నుంచి బడికి వెళ్లే వయసు వరకు చేర్చుకుంటారు. ఆటపాటలు, ప్రార్థన, తిండి తినిపించడం, జోకొట్టడం అన్నీ మావోరిలోనే. పసివాళ్లు పలకా బలపం లేకుండా, వింటూ వింటూనే మాట పట్టుకుంటారు. ఈ పద్ధతికి అసలు బలం అదే. నిర్వహణ 'ఫానౌ', అంటే బంధుకుటుంబం చేతిలో ఉంటుంది. భాష రాని తల్లిదండ్రులూ పిల్లల పక్కనే కూర్చుని నేర్చుకుంటారు.

1993 నాటికి కేంద్రాలు 800 దాటాయి, తర్వాత తగ్గాయి. ఇక్కడ పెరిగిన పిల్లల కోసం 1985లో మావోరి మాధ్యమ ప్రాథమిక బడి మొదలైంది. 1987లో మావోరి అధికార భాష అయింది. హవాయి ఆదివాసులు ఇదే నమూనాలో 1984లో తమ తొలి 'పూనన లెయో' శిశుబడి తెరిచారు.