టంగ్‌స్టన్ చరిత్ర: బల్బు తీగ నుంచి సంలీన రియాక్టర్ గోడ వరకు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• సంలీన పరిశోధకులు టంగ్‌స్టన్‌ను ఒకసారి వదిలిపెట్టి మళ్ళీ ఎందుకు చేపట్టారో వివరించగలుగుతారు.
• టంగ్‌స్టన్ తీగలతో బలపరచిన టంగ్‌స్టన్ పగుళ్ళను ఎలా అడ్డుకొంటుందో చెప్పగలుగుతారు.

1. పరిచయం

సూర్యునిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారేటప్పుడు శక్తి వెలువడుతుందని మీకు తెలుసు. అటువంటి చర్యను భూమిపై జరపాలంటే డ్యుటీరియం, ట్రిటియంల మిశ్రమాన్ని పది కోట్ల డిగ్రీలకు పైగా వేడిచేయాలి. ఆ ప్లాస్మాను ఏ పాత్రా పట్టి ఉంచలేదు. అందువల్ల టోకమాక్ అనే యంత్రంలో దాన్ని అయస్కాంత క్షేత్రంతో బంధిస్తారు. అయినప్పటికీ కొంత వేడి, కొన్ని కణాలు గోడను చేరక తప్పదు. ఈ తాకిడిని ఎక్కువగా భరించే భాగం డైవర్టర్. ఫ్రాన్స్‌లో నిర్మాణంలో ఉన్న ఇటర్ రియాక్టర్‌లో భారతదేశం కూడా భాగస్వామి. అందులో డైవర్టర్‌పై పడే వేడి చదరపు మీటరుకు 10 మెగావాట్లు ఉంటుంది. కొద్ది సెకన్లపాటు 20 మెగావాట్లకు కూడా చేరవచ్చు.

టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. లోహాలన్నింటిలో ఇదే అత్యధిక ద్రవీభవన స్థానం. అటువంటప్పుడు గోడకు టంగ్‌స్టన్ వాడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. చరిత్ర చూస్తే సమాధానం అంత సులభం కాదని తెలుస్తుంది.

2. పెళుసు లోహం తీగగా మారడం

1783లో స్పెయిన్‌కు చెందిన ఎల్హుయార్ సోదరులు టంగ్‌స్టన్‌ను లోహంగా వేరుచేశారు. తరవాత శతాబ్దానికి పైగా దాన్ని తీగగా సాగదీయడం ఎవరికీ సాధ్యం కాలేదు. వంచబోతే విరిగిపోయేది. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో విలియం కూలిడ్జ్ 1910 ప్రాంతంలో ఈ చిక్కు విప్పాడు. వేడిగా ఉన్న కడ్డీని పదేపదే సుత్తిపోట్లతో సన్నబరుస్తూ, ఉష్ణోగ్రతను క్రమంగా తగ్గిస్తూ వచ్చాడు. చివరకు చల్లారిన తరవాత కూడా వంగే తీగ లభించింది. సాధారణ లోహాలు చల్లగా ఉన్నప్పుడు సాగగొట్టేకొద్దీ పెళుసవుతాయి. టంగ్‌స్టన్ మాత్రం ఇలా సాగగొట్టేకొద్దీ తాంతవత పొందుతుంది. లోపలి స్ఫటిక రేణువులు తీగ పొడవునా సాగి అమరడమే ఇందుకు కారణం.

అయితే వెలిగే బల్బులో ఆ రేణువులు మళ్ళీ పెరిగి తీగ జారిపోయేది. దీనికి పరిష్కారంగా టంగ్‌స్టన్ ఆక్సైడ్‌కు పొటాషియం సమ్మేళనాలను స్వల్పంగా కలిపే పద్ధతికి 1922లో అలడార్ పాట్స్ పేటెంట్ పొందాడు. పొటాషియం సూక్ష్మ బుడగలుగా నిలిచి రేణువుల పెరుగుదలను ఆపుతుందని దశాబ్దాల తరవాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చూపింది. ఈ తీగను గుర్తుంచుకోండి.

3. తిరస్కరణ, పునరాగమనం

1970లలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పీఎల్‌టీ అనే టోకమాక్‌లో ప్లాస్మా అంచును తాకే పలకలను టంగ్‌స్టన్‌తో చేశారు. రాలిన టంగ్‌స్టన్ పరమాణువులు ప్లాస్మా మధ్యకు చేరాయి. టంగ్‌స్టన్ పరమాణు సంఖ్య 74. అంతటి వేడిలోనూ దాని ఎలక్ట్రాన్లు అన్నీ ఊడిపోవు. మిగిలినవి శక్తిని కాంతిగా వెదజల్లి ప్లాస్మాను చల్లబరుస్తాయి. పలకలను కార్బన్‌కు మార్చిన తరవాత 1978లో అదే యంత్రం ఆరు కోట్ల డిగ్రీలు దాటింది. దానితో పరిశోధకులు ప్రధానంగా కార్బన్ వైపు మొగ్గారు.

కార్బన్‌కు మరొక దోషం ఉంది. అది హైడ్రోజన్‌తో చర్య జరిపి అరుగుతుంది. అరిగిన పదార్థం మరొకచోట పేరుకొంటూ ట్రిటియంను తనలో బంధిస్తుంది. ట్రిటియం రేడియోధార్మికమైనది, అరుదైనది కూడా. బ్రిటన్‌లోని జెట్ యంత్రంలో 1997 ప్రయోగాలు ఈ సమస్యను స్పష్టం చేశాయి. ఈలోగా జర్మనీలోని గార్షింగ్‌లో అస్‌డెక్స్ అప్‌గ్రేడ్ యంత్రపు లోపలి గోడను దశలవారీగా టంగ్‌స్టన్‌తో కప్పి, 2007 నాటికి పూర్తిచేశారు. డైవర్టర్ దగ్గర ప్లాస్మాను చల్లగా ఉంచగలిగితే టంగ్‌స్టన్ తక్కువగా రాలుతుందని అక్కడ రుజువైంది. ఇటర్ సంస్థ 2013లో పూర్తి టంగ్‌స్టన్ డైవర్టర్‌ను ఎంచుకొంది.

4. పగులును దారి మళ్ళించడం

ఒక చిక్కు తీరగానే పాత చిక్కు ముందుకు వచ్చింది. దిమ్మెగా ఉన్న టంగ్‌స్టన్ కొన్ని వందల డిగ్రీల కంటే తక్కువ వేడిలో పెళుసుగా ఉంటుంది. సుమారు 1,200 డిగ్రీలు దాటితే రేణువులు పెరిగి మరింత పెళుసవుతుంది. పైగా సంలీనంలో పుట్టే 14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లు దాన్ని గట్టిపరుస్తాయి, కొంత భాగాన్ని రీనియం, ఆస్మియంలుగా మారుస్తాయి. డైవర్టర్ దిమ్మె లోపల శీతలీకరణ గొట్టం ఉంటుంది. పగులు గొట్టాన్ని చేరి నీరు కారితే రియాక్టర్‌ను ఆపవలసిందే.

పగులే రాని లోహం దొరకదు. కాబట్టి వచ్చిన పగులు పాకకుండా చూడాలి. మట్టిగోడకు గడ్డి కలపడంలోనూ ఇదే సూత్రం ఉంది. గార్షింగ్, యూలిష్ పరిశోధకులు 2010 తరవాత బల్బుల కోసం రూపొందిన అదే పొటాషియం తీగను ఈ పనికి ఎంచుకొన్నారు. యూరప్ ఇళ్ళలో ఆ బల్బులు నిషేధానికి గురవుతున్న కాలమది. 150 మైక్రోమీటర్ల మందం గల తీగలకు ఎర్బియం లేదా ఇట్రియం ఆక్సైడ్‌తో పలుచని పూత వేస్తారు. తరవాత టంగ్‌స్టన్ ఫ్లోరైడ్ వాయువును హైడ్రోజన్‌తో చర్య జరిపించి, తీగల చుట్టూ టంగ్‌స్టన్‌ను పేరబెడతారు. పొడిని తీగలతో కలిపి వేడిచేసి అదమడం మరొక పద్ధతి.

పూత కావాలనే బలహీనంగా ఉంటుందని గమనించండి. పగులు తీగను చేరగానే పూత విడిపోయి, పగులు పక్కకు మళ్ళుతుంది. తీగలు పగులుకు వంతెనలా నిలిచి, సాగుతూ శక్తిని గ్రహిస్తాయి. పగిలిన తరవాత కూడా నమూనాలు బరువు మోయడం ప్రయోగాలలో కనిపించింది. తీగలే పెళుసైపోయినప్పటికీ, అవి పూతనుంచి జారి బయటికి రావడానికి శక్తి ఖర్చవుతుంది కాబట్టి ప్రయోజనం కొంత మిగులుతుంది.

అయితే తుది పరీక్ష ఇంకా ఉంది. సంలీన న్యూట్రాన్ల తాకిడిని ఏళ్ళ తరబడి అనుకరించగల కేంద్రం స్పెయిన్‌లోని గ్రనాడా వద్ద నిర్మాణంలో ఉంది. ఆ ఫలితాలు రాకుండా ఈ పదార్థానికి రియాక్టర్ గోడను అప్పగించలేరు.

5. సారాంశం

టంగ్‌స్టన్‌ను మొదట ప్లాస్మా కలుషితం కారణంగా వదిలివేశారు, తరవాత ట్రిటియం సమస్య కారణంగా తిరిగి తీసుకొన్నారు. దాని పెళుసుతనానికి నేడు ప్రయత్నిస్తున్న పరిష్కారం వందేళ్ళ నాటి దీపపు పరిశ్రమ నుంచి వచ్చింది. ఒక రంగంలో సాధించిన జ్ఞానం, ఆ వస్తువు వాడుక పోయిన తరవాత కూడా మరొక రంగానికి ఆధారం కాగలదని దీనివల్ల గ్రహించవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పీఎల్‌టీలో టంగ్‌స్టన్ స్థానంలో కార్బన్ ఎందుకు వాడారు?
2. తీగపై పూత బలంగా ఉంటే పగులు ఏమవుతుందో ఆలోచించి రాయండి.