కంటి శుక్లము: చికిత్స పల్లెకు నడచివచ్చిన దారి

గ్రంథాలయమునకు పుస్తకములెంత ముఖ్యమో, చదువరికి కన్నులంత ముఖ్యము. అరువదియేండ్లు దాటిన పెద్దలు పత్రికను ముఖమునకు దగ్గరగా పట్టుకొని, అక్షరములు మసకబారెనని మరల మడిచిపెట్టుట మనము తరచుగా చూచుచుందుము. ఆ మసకకు ముఖ్యమైన కారణములలో శుక్లము ఒకటి. కనుపాప వెనుకనుండు సహజ కటకము వయసుతో స్వచ్ఛత గోల్పోయి తెల్లబారుటయే శుక్లము. దీనిని కరగించు మందు లేదు; శస్త్రచికిత్స యొక్కటే మార్గము. ఆ చికిత్స ఎట్లు పుట్టినదో, సామాన్యుని గడపను చేరుటకు ఎంతకాలము పట్టినదో తెలిసికొనుట ఈ రజతోత్సవ సమయమున అప్రస్తుతము కాదు.

ఈ విద్యకు మన దేశమున ప్రాచీన చరిత్ర గలదు. శలాకతో కంటిని వేధించి చూపునకు అడ్డైన దోషమును తొలగించు విధానము సుశ్రుత సంహితలో వర్ణింపబడినది. మసకబారిన కటకమును సూదితో లోపలికి త్రోయు పద్ధతి పెక్కు దేశములలో శతాబ్దములపాటు సాగెను. కొందరికి కొంత వెలుతురు దక్కెడిది. అనేకులకు కన్ను చీముపట్టి పూర్తిగా పోయెడిది. 1747లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాక్ దవియేల్ కటకమును లోనికి త్రోయుట మాని వెలికి తీసెను. నేటి చికిత్సకు అదియే మొదలు.

అయినను కటకము లేని కంటికి సోడాబుడ్డి కళ్లద్దములే దిక్కయ్యెను. అవి పగిలినచో పేదవాడు మరల గ్రుడ్డివాడే. ఈ లోపమును తీర్చినవాడు ఆంగ్ల వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల కిటికీలు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు చోదకుల కన్నులలో నాటుకొనెను. కన్ను వానిని వికటింపక సహించుటను ఆయన గమనించెను. అట్టి పదార్థముతోనే కటకము చేయించి 1949లో లండను నగరమున ఒక రోగి కంటిలో అమర్చెను. తోటి వైద్యులు పలువురు దీనిని నిరసించిరి. అది లోకమున స్థిరపడుటకు దశాబ్దములు పట్టెను.

మన దేశమున పల్లెకు వైద్యుడే కదలివచ్చిన కాలమొకటి గలదు. కర్ణాటకమునకు చెందిన డాక్టరు ఎం. సి. మోదీ ఊరూర నేత్రశిబిరములు నడపి వేలాదిమందికి చికిత్స చేసెను. 1976లో డాక్టరు గోవిందప్ప వెంకటస్వామి ఉద్యోగ విరమణానంతరము మధురైలో 11 పడకలతో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించెను. కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరపోయినను ఆయన కత్తి విడువలేదు. ఒక బల్లపై చికిత్స జరుగుచుండగనే ప్రక్కబల్లపై మరియొక రోగిని సిద్ధపరతురు. ఇచ్చుకోగలవారి రుసుముతో పేదలకు ఉచితముగ చూతురు. 1992లో ఆ సంస్థకు చెందిన ఆరోల్యాబ్ కటకములను ఇచటనే తయారుచేసి, విదేశపు కటకముల వెలలో పదవవంతుకు దింపెను. నేపాళమున డాక్టరు సందూక్ రుయిత్ 1994లో ప్రారంభమైన తిల్‌గంగా కేంద్రము ద్వారా అట్టి కృషినే కొండపల్లెలకు కొనిపోయెను.

అయితే వెల తగ్గినంతమాత్రమున అందరును రాలేదు. ఉచిత శిబిరములకు సైతము రావలసినవారిలో కొద్దిమందియే వచ్చిరని మధురై ప్రాంతపు పరిశోధనలు తేల్చెను. బండి ఖర్చు, తోడువచ్చువాని ఒకరోజు కూలి, కత్తి యన్న భయము, ‘ఈ వయసులో నాకెందుకులే’ యను నిరాశ - ఇవి అడ్డుగోడలు. స్త్రీలకు ఆ గోడలు మరింత ఎత్తు. పురుషులకంటె వారికి చికిత్స తక్కువగ అందుట పెక్కు దేశములలో కనబడుచున్నది. ఆఫ్రికాలో వైద్యులు మిక్కిలి కొరతగానున్న కొన్ని ప్రాంతములందు, కటకమును సూదితో త్రోయు ఆ పాత పద్ధతి ఇంకను పోలేదు.

తెలుగునాట 1987లో హైదరాబాదున డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు ఆధ్వర్యమున ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఆరంభమయ్యెను. ఆ సంస్థ గ్రామీణ యువతకు శిక్షణనిచ్చి పల్లెలకు దాపున దృష్టికేంద్రములు నెలకొల్పెను. 1994లో ప్రపంచబ్యాంకు సాయముతో ఏడు రాష్ట్రములలో మొదలైన శుక్ల నివారణ పథకమున ఆంధ్రప్రదేశ్ ఒకటి. ‘కంటి వెలుగు’ పేరిట 2018లో తెలంగాణమునను, 2019లో ఆంధ్రప్రదేశమునను ప్రభుత్వములు కంటి పరీక్షలు జరిపించెను. శుక్లచికిత్స అందువారి శాతమును 2030 నాటికి మరి 30 పాళ్లు పెంచవలెనని 2021లో ప్రపంచ ఆరోగ్యసభ తీర్మానించెను.

తీర్మానము జెనీవాలో జరిగినను దానిని నెరవేర్చవలసినది పల్లెలోనే. శిబిరమున్నదని చదివి వినిపించువారు, ముసలమ్మను చేయిపట్టి తీసికొనిపోయి మరల ఇంట దింపువారు కావలెను. చదువరుల సంఘముగానున్న గ్రంథాలయమునకు ఇది తగిన పని. ఇరువదియైదు సంవత్సరములు ఊరికి చదువు పంచిన మన గ్రంథాలయము, చూపు మందగించి మన బల్లల వద్దకు రాక మానిన పెద్దల పేర్లు ముందుగా ఒక పట్టీ వ్రాసి, ఒక్కొక్కరి ఇంటికి పోయి విచారించుట ఈ ఉత్సవ సంవత్సరముననే మొదలుపెట్టుగాక.